పడుకున్న తలుపు

మా గడపకి రెండు మెట్లు.
వాటి మీద పడుకుని ఉండేది
మస్తాన్ భాయ్ పాత ఇంటి తలుపు.
గొళ్ళెం ఊడిన చోట రంధ్రం,
నీలం పెచ్చుల కింద పచ్చరంగు,
మూలన సున్నంతో రాసిన పదిహేడు.
అందరూ తలుపు తీసి లోపలికొస్తారు,
నేను తలుపెక్కి వచ్చేదాన్ని.
చక్రాలు దాటేటప్పుడు ఒకసారి మూలిగేది.
అమ్మ ఉన్నప్పుడు ఆ చప్పుడికే టీ పెట్టేది.
ఇప్పుడు పక్కింటి సెల్వి పెడుతుంది,
చక్కెర ఎక్కువ.

నా మాట సంగతి చెప్పాలి.
నాలిక ఒక వైపు లాగుతుంది, దవడ ఇంకో వైపు,
మెడ దాని ఇష్టం దానిది.
నేను “మంచినీళ్ళు” అనేలోపు
కొరుక్కుపేట గేటు పడి,
గూడ్సు బండి మొత్తం పోయి,
గేటు మళ్ళీ లేస్తుంది.
కొత్తవాళ్ళు నా వాక్యాన్ని మధ్యలోనే లాక్కుని
వాళ్ళకి తోచిన తోక తగిలిస్తారు.
ఫ్యాను ఆపమంటే, ఆకలేస్తోందా అంటారు.
మా వీధి అలా కాదు.
అంటే, మొదట్లో మా వీధీ అంతే.
ఆగడం నేర్పడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

నీళ్ళ లారీ లెక్క నాది.
మంగళ, శుక్రవారాలు, ఇంటికి ఎనిమిది బిందెలు.
నా వేళ్ళకి పెన్సిల్ నిలవదు, తలలోనే రాసుకుంటాను.
ధనకోటి పెద్దమ్మ తొమ్మిదో బిందె కొంగు చాటున దాటిస్తే
నా గొంతులోంచి వచ్చే అరుపుకి
మాటలు అక్కర్లేదు.
జాలిపడి ఇచ్చిన పని అనుకోకండి.
నాకు ముందు మునిరత్నం చూసేవాడు,
వాళ్ళ చుట్టాలకి పన్నెండేసి.

సాయం ఎప్పుడూ తియ్యగా ఉండదు.
ఎస్తేరు అడక్కుండానే తల దువ్వుతుంది,
చిక్కులతో సహా.
పొద్దున ఆరింటికి పాత చీర తెర తప్పించుకుని
ఎవరో ఒకరు వచ్చేస్తారు.
స్నానం చేయించే చేతుల దగ్గర
రహస్యం ఏం మిగులుతుంది?
ఒకరోజు గట్టిగా ఏడ్చి అందర్నీ పొమ్మన్నాను.
పోయారు.
గంట తర్వాత గోడవతల నుంచి సెల్వి:
“కోపం అయిందా? ఇడ్లీ చల్లారిపోతోంది.”

కార్తీకం వానలకి తలుపు ఉబ్బి నడిమికి చీలింది.
ముందు చక్రం ఇరుక్కుని బోర్లా పడ్డాను.
నుదుటి మీద మూడు కుట్లు.
సిమెంటు వాలు కట్టాలంటే
మూడడుగులు వీధిలోకి రావాలి.
“అది దారి ఆక్రమణ” అన్నాడు
వార్డాఫీసులో కళ్ళద్దాలాయన.
నేను మొదలుపెట్టాను.
మొదటి మాట సగంలో ఉండగానే
నా తల మీదుగా సెల్విని చూసి
“ఏమంటోంది ఈమె?” అన్నాడు.

సెల్వికి తెలుసు.
రాత్రంతా కూర్చుని అనుకున్న మాటే అది.
అయినా అంది:
“నాకెలా తెలుస్తుంది సార్,
ఇంకా చెప్పడం అవలేదు కదా.”

వెనక బెంచీ మీద మస్తాన్ భాయ్, ఎస్తేరు,
ఆఖరికి ధనకోటి పెద్దమ్మ కూడా
చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగారు.
స్టాంపు వేసే అబ్బాయి చెయ్యి గాల్లోనే ఉంది.
ఆయన పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు,
మళ్ళీ పెట్టాడు.
నా వాక్యం వచ్చింది,
చివరి అక్షరం దాకా నా నోటితోనే:
“మీ ఆఫీసు మెట్లు
నాలుగడుగులు వీధిలోకున్నాయి సార్.”

కాగితం ఇంకా రాలేదు.
సిమెంటు మాత్రం ఆదివారం రాత్రి
మస్తాన్ భాయ్ పోసేశాడు.
ఆరకముందే కుక్క ఒకటి నడిచి
నాలుగు అడుగులు వదిలిపోయింది.

చీలిన తలుపుకి రేకు అతికించి
నా గదికి నిలబెట్టాడు.
లోపల గొళ్ళెం,
నా మోచేతికి అందే ఎత్తులో.
ఇప్పుడు ఆరింటికి తలుపు తడతారు.
“రండి” అనడానికి నాకు టైం పడుతుంది.
ఒక్కోరోజు
మాట నోట్లో సిద్ధంగానే ఉన్నా
ఇంకాస్త ఆగుతాను.