పన్నెండు గొట్టాలు

ఈ శనివారం వంతు నాది.
రాత్రి పదింటికే కట్టెలు వేయడం ఆపేశాను.
తెల్లారేసరికి నేలమాళిగలో బాయిలర్
పాలు పిండేసిన ఆవులా
వదులుగా, గోరువెచ్చగా నిలబడి ఉంది.
బయట మైనస్ పద్నాలుగు. గౌయ నది గడ్డకట్టింది.
మధ్యాహ్నంలోగా మళ్ళీ రాజేయకపోతే
రెండు వాటాల్లోనూ పైపులు పగులుతాయి.

సమష్టి పొలాల రోజుల్లో
రెండు కుటుంబాలకని కట్టిన ఇల్లు.
ఆ వాటాలో జిగుర్డ్స్, ఈ వాటాలో నేను.
గోడ ఒకటే, చిమ్నీ ఒకటే, బాయిలర్ ఒకటే.
మాటలే లేవు,
సరిహద్దులోని ఆస్పెన్ చెట్టును
నన్నడక్కుండా పడగొట్టిన రోజు నుంచి.
గాలి లేకపోయినా వణికేవి దాని ఆకులు.
ఆ చప్పుడుకే నాకు నిద్ర పట్టేది.

చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే
బాయిలర్ తలుపు మీద సుద్దతో రాస్తాం:
"నీళ్ళ ఒత్తిడి తగ్గింది."
"పంపు మూలుగుతోంది."
సంతకాలుండవు.
అతని అక్షరాలు ఎడమకి వాలతాయి.

ముందు బూడిద.
నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనలేదు.
పైన పిండిలా మెత్తగా ఉంది కదాని
పార లోపలికి పోనిస్తే
ఎర్రటి కన్నొకటి తెరుచుకుంది.
రేకు బకెట్టు, రేకు మూత.
ప్లాస్టిక్ బకెట్టు సంగతి ఒక చలికాలం నేర్పింది.
చల్లారాక కొంత, మంచు పట్టిన మెట్ల మీదికి.
మిగిలింది బ్లాక్‌కరెంట్ పొదలకి.

తర్వాత పొగ గొట్టాలు, పన్నెండు.
పచ్చి కట్టె కాలిస్తే తారు పడుతుంది,
నల్లగా, గాజులా, గోకితే గోరు విరిగేలా.
పోయినేడు ఇక్కడే గంటన్నర గీకాను,
గీకిన ప్రతిసారీ జిగుర్డ్స్‌ని తిట్టుకుంటూ.
పొగబెట్టేవాడికి పచ్చి కట్టెలే కదా కావాలి!

ఇవాళ మొదటి గొట్టంలోకి తీగ బ్రష్ తోస్తే
ఏదీ అడ్డు తగల్లేదు.
గోధుమరంగు మసి
చిమ్మట రెక్కల ధూళిలా రాలింది.
రెండోదీ అంతే. మూడోదీ.
బ్రష్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఆస్పెన్ కట్టె మసిని తినేస్తుందని
మా నాయనమ్మ అనేది.
వారం చివర నాలుగు మొద్దులు వేయమనేది.
లేచి, కట్టెల పాకలో అతని వైపు చూశాను:
నాలుగు వేసవులు ఎండిన లేత బూడిదరంగు బెరడు.
దొంతిలో సగమే ఉంది.
మిగతా సగం నా వైపు ఉంది,
టార్పాలిన్ కింద, ఎత్తు పల్లాలు లేకుండా పేర్చి.
అతని పాత సామానేమోనని
ఇన్నేళ్ళూ దాన్ని తప్పుకుని నడిచాను.

కోపం పోయిందని చెప్పను.
చెట్టు చెట్టే.

తలుపు అంచున తాడు బిగువు చూడ్డానికి
పాత కేలండర్ కాగితం ఇరికించి లాగాను.
పైన పట్టుకుంది. కింద జారి వచ్చేసింది.
బర్చ్ బెరడు, పుల్లలు, అగ్గిపుల్ల.
వాటి మీద ఆస్పెన్ మొద్దొకటి, నా వైపుది.
ముల్లు అరవై దాటేదాకా అక్కడే నిలబడి
సుద్ద తీసుకున్నాను:

"కింది తాడు మార్చాలి.
పది మిల్లీమీటర్లది.
నువ్వు తెస్తే, తలుపు నేను పట్టుకుంటాను."