అరవై దగ్గర ఆగకు

పొద్దున్న ఐదున్నరకి పెదవాల్తేరులో మొదటి ఇల్లు.
షుగరు, క్రియాటినిన్. పరగడుపున.
మధురవాడ నుంచి వచ్చి బండి దిగాక కూడా
నా అరచేతుల్లో బండి నడుస్తూనే ఉంటుంది,
వేళ్లలో తేనెటీగలు దూరినట్టు.
ఆ వేళ్లతోనే నరం వెతకాలి
ఎనభై దాటిన చేతి మీద,
తడికాగితం కింద దారంలా
పక్కకి జారిపోయే నరం.

నిన్న సుభద్రాయమ్మ గారిని రెండుసార్లు పొడిచాను.
ఆవిడ ఏమీ అనలేదు.
"చెయ్యి వణుకుతోంది, టిఫిన్ తిన్నావా?" అన్నారు.

కంచరపాలెంలో రైలు గేటు పక్క సందు, యల్లాజీ షెడ్డు.
షిప్‌యార్డులో పదకొండేళ్లు ఓడల తుప్పు కొట్టి
ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చినవాడు.
నా డెబ్బై తొమ్మిది మోడల్ బుల్లెట్‌ని స్టార్ట్ చేయమన్నాడు.
పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి
పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి
కళ్లు మూసుకున్నాడు.
స్టెత్ పెట్టే డాక్టర్లని చాలామందిని చూశాను.
ఇంతసేపు ఎవరూ వినలేదు.

"నాలుగు సప్పుళ్లున్నాయమ్మా.
ఒక్కటే ఇంజనుది."

ఇంజనుని పట్టి ఉంచే బోల్టులు విప్పాడు.
ఉప్పుగాలి తినేసిన ఒకటి
తలకాయ మాత్రం మిగిలి
ఇన్నాళ్లూ పట్టుకున్నట్టు నటిస్తోంది.
కొత్తవి వేశాడు, వెంటనే బిగించలేదు.
ఇంజనుని కాసేపు ఆడనిచ్చి
తన చోటు తనని వెతుక్కోనిచ్చి
అప్పుడు బిగించాడు.

తర్వాత రెక్కలు.
గాలికి చల్లారే ఇంజను కదా, ఒళ్లంతా పల్చటి రెక్కలే.
గోటితో మీటితే కంచుపళ్లెంలా మోగింది.
పాత ట్యూబు కోసి వేలెడు ముక్కలు
రెక్కకీ రెక్కకీ మధ్య అంచుల్లో దూర్చాడు,
తలుపు కొట్టుకోకుండా కాగితం మడిచి పెట్టినట్టు.
మళ్లీ మీటాడు. మూగ.
"ఎక్కువ కుక్కితే ఊపిరాడక సస్తాది" అన్నాడు.

టాపెట్లకి ఇంజను పూర్తిగా చల్లారాలట.
రెండు గంటలు.
మురీ మిక్చరు తిన్నాం. గేటు పడింది.
గూడ్సుకి యాభై ఎనిమిది పెట్టెలు.
అతని కూతురు క్యారేజీ తెచ్చింది,
చుట్టూ తిరిగి కుడిచెవి వైపుకొచ్చి మాట్లాడింది.

మూత తీసి, "నువ్వు పట్టుకో" అన్నాడు.
పుల్లంత కడ్డీ. రెండు వేళ్ల మధ్య తిప్పాలి.
"తిరగాల. మీదకీ కిందకీ మాత్రం ఆడకూడదు.
బిగిస్తే వాల్వు కాలిపోద్ది,
ఒదిలేస్తే కొట్టుకుంటాది."
గేజి లేదా అన్నాను.
నా వేలు చూపించాడు.

తిప్పాను. వదులు.
అతను స్పానర్‌ని వెంట్రుకవాసి కదిపాడు.
ఇంకా వదులే. ఇంకో వెంట్రుక.
అప్పుడొకచోట
చర్మం కింద నరం
ఇక్కడున్నానని వేలికి ఎదురొచ్చినట్టు
ఎదురొచ్చింది.
"ఆగు" అన్నాను.
అతనికి వినపడలేదు, నేనున్నది ఎడమవైపు.
నా మొహం చూసి ఆగాడు.

డబ్బులు లెక్కపెట్టుకుంటూ చెప్పాడు:
"అరవై దగ్గర ఒక ఒణుకుంటాది. అది నా సేతిలో లేదు.
ఒక్కటే పిస్టను, దానికి తోడు ఎవుడూ లేడు.
యాభై అయిదులో ఎల్లు. లేపోతే అరవై అయిదులో ఎల్లు.
అరవై దగ్గర ఆగకు."

ఇవాళ హనుమంతవాకకి ముందు
అరవై వచ్చింది, వెళ్లింది.
అద్దంలో వెనక లారీ
మొదటిసారి ఒక్కటే లారీగా కనిపించింది.

పెదవాల్తేరులో బండి ఆపాను.
వేళ్లలో కూడా ఆగింది, దాదాపుగా.
చిటికెన వేలొక్కటీ ఇంకా కాస్త.
సుభద్రాయమ్మ గారు చెయ్యి చాచి
మొహం గోడవైపు తిప్పుకున్నారు.

పర్లేదు.
చిటికెన వేలితో ఎవరూ నరం వెతకరు.