నిడివి

ఈ ఏడు చిత్రోత్సవం పుస్తకంలో అచ్చుతప్పులు దిద్దింది నేనే.
నూట అరవై పేజీలు. నలభై ఒక్క దేశాలు.
ఒక్కో సినిమాకి యాభై మాటలు మించని కథ.
పోలండ్ పేర్లలో హల్లులు
మెహదీపట్నం బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా వేలాడుతుంటే
ఏ ఒత్తును ఎక్కడ దించాలో తేలక
లక్డీకాపూల్ ప్రెస్సులో రెండు రాత్రులు తెల్లారబెట్టాను.

జ్యూరీ అయిదుగురు.
సెనెగల్ నుంచి వచ్చిన అధ్యక్షురాలికి మోకాళ్ల నొప్పి,
మా హాల్లో లిఫ్టుకి మూడేళ్లుగా మరమ్మతు.
టెహ్రాన్ ఆయన మన ఇరానీ చాయ్ ఒక్క గుక్క తాగి
కప్పు మర్యాదగా కింద పెట్టి
'ఇది మాది కాదు' అన్నాడు.
బుడాపెస్ట్ పెద్దాయన పేర్లు పడుతుండగానే నిద్రపోతాడు.
చర్చల్లో మాత్రం అన్నీ ఆయనకే గుర్తు.

తొంభై మూడో పేజీ, పునరవలోకనం.
కీర్తిశేషులు కంభంపాటి శోభనాద్రి, నాలుగు సినిమాలు.
ఆఖరిదానికి మిగిలింది ఒకే ఒక్క ప్రింటు.
కొలిపించి మరీ వేశాను: నిడివి 117 నిమిషాలు.
తొంభై అయిదులో ఫ్రెంచి విమర్శకుడి వ్యాసం, తెనుగు నాది:
'గుమ్మం ముందు నిలబడ్డ నాయిక
మరుక్షణం రైల్లో ఉంటుంది. ఎందుకో చెప్పడు.
ఇంత మౌనానికి సాహసించినవాడు మరొకడు లేడు.'
మౌనం అనే మాట దొరికేదాకా
లోపం, ఖాళీ, విరామం
మూడూ రాసి కొట్టేశాను.

మూడోరోజు మధ్యాహ్నం సమాచార కేంద్రం దగ్గర
ఒకావిడ పుస్తకం గొట్టంలా చుట్టి పట్టుకుని వచ్చింది.
మెడలో జూనియర్ ఆర్టిస్టుల యూనియన్ కార్డు,
ఫొటోలో జుట్టు ఇంకా నల్లగానే ఉంది.
'బాబూ, ఇది తప్పు రాసేరు. నూటిరవై ఎనిమిది.'
ప్రింటు కొలిచామమ్మా అన్నాను.
'ప్రింటు సంగతి కాదు. సినిమా సంగతి చెప్తన్నాను.'

పేరు వరహాలమ్మ. విజయనగరం నుంచి మద్రాసు,
మద్రాసు నుంచి సినిమాతోపాటే కృష్ణానగర్.
'నాయిక వచ్చి తలుపు కొడతాది.
నేను తీసి, ఆయన ఇంట్లో లేరు, అంటాను.
ఆయన లోపలే ఉంటారు.
ఆ అమ్మాయి నమ్మీసి రైలెక్కెల్లిపోద్ది.
ఒక్క మాట బాబూ. ఎనిమిది టేకులు.
అబద్ధం నోటికి రాలేదు నాకు.'

ఆ రాత్రి మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలో
డబ్బాలు టార్చి వేసి చూశాను.
నాలుగు అని రాసిన చోట, తెల్లరంగు కింద,
గోటితో గీకితే
అయిదు.

మర్నాడు ప్రదర్శన. హాలు సగం నిండింది.
ఆవిడ జి వరసలో చివరి కుర్చీ,
చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.
తెర మీద నాయిక చెయ్యి తలుపు మీదికి లేచింది.
వెంటనే రైలు.
ఆ రెంటి నడుమ, రెప్పపాటు కూడా లేని చోట,
చీకట్లో ఎవరో మెల్లగా
'ఆయన ఇంట్లో లేరు' అన్నారు.
బుడాపెస్ట్ పెద్దాయన కళ్లు తెరిచి వెనక్కి చూశాడు.
ఆయనకి తెలుగు రాదు.

తర్వాత చర్చలో ఆ మౌనం గురించే
నలుగురు మాట్లాడారు, నలభై నిమిషాలు.
మైకు పట్టుకుని నేను జి వరస దాకా వెళ్లాను.
కుర్చీ మడతపడి ఉంది.
మర్నాడు అయిదింటికి శంకరపల్లిలో షూటింగట,
పెళ్లి సీను, భోజనాల పంక్తిలో.

తప్పొప్పుల చీటీ అచ్చు వేయించాను,
బస్ టికెట్టంత, రెండు వందలు, నా డబ్బుతో.
పేజీ 93: '117' బదులు '128' అని చదువుకోగలరు.
పేజీ 95: మార్పు లేదు.