కలక

రోజంతా నా పని గ్లాసు ఎత్తి వెలుగులో చూడడమే.
గుడిపాల రోడ్డులో పల్ప్ ఫ్యాక్టరీ.
తోతాపురి లారీలు గేటు దాటి
టీ అంగడి దాకా వరస కట్టే నెల.
రసం పలచనా చిక్కనా, నార ఎంత దిగింది,
కంటితో చెప్పేస్తాను
మీటరు ఆనక ఒప్పుకుంటుంది.

ఆ కంటికే
తెల్లారి ఆరుకి మా బాత్రూములో
మగ్గు అడుగున బియ్యం కడిగిన నీళ్ళు కనబడినాయి.
బియ్యం కాదు.
మా చార్విక. రెండో తరగతి.

వేడి చేసిందిరా, అనింది మా అమ్మ.
నువ్వు తెచ్చే కాయలే,
ఉప్పుకారం అద్దుకుని పూటకొకటి లాగిస్తా ఉండాది.
సబ్జాలు నానేసింది, బొడ్డు చుట్టూ ఆముదం రాసింది.
పక్కింటి సెల్వి, పాలు ఎక్కువైతే అంతే అనింది,
వాళ్ళ మురుగనికీ అట్లే వచ్చి పోయిందంట.
హేమ ఏమీ అనలేదు.
విడిచిన లోదుస్తుని మూడోసారి వాసన చూసి
బకెట్లో వేసింది.

నేను ఒక్క సాంపిలుతో తేల్చే మనిషిని కాను.
నిలవ ఉంచితే, చల్లారితే
ఏదైనా కొంచెం మసకబారుతుంది, నాకు తెలుసు.
అందుకని సాయంత్రం మళ్ళీ పట్టినాను
గాజు గ్లాసులో, వెచ్చగా ఉండగానే, ట్యూబులైటు కింద.
అవతల పక్క నా వేళ్ళు కనబడలేదు.
నొప్పిగా ఉందా పాపా అంటే
లేదనింది.
లేదని ఎంత తొందరగా అనిందో.

పెద్దాసుపత్రి ల్యాబులో పిల్లోడు
డబ్బా తీసుకుని వెలుగులో పెట్టి చూడనే లేదు,
పట్టీ ముంచినాడు, పేరు రాసినాడు, పక్కన పెట్టినాడు.
అంతేనా అనిపించింది నాకు.
కాయితంలో చీము కణాలు పదిహేను నుంచి ఇరవై.

డాక్టరమ్మ మందు రాసింది.
ఈ కలక ఒక్కో బిడ్డలో ఒక్కో కథ చెబుతుంది,
ఒకరికి నీళ్ళు చాలవు, ఒకరికి లోపల రాయి,
కొందరికి ఏమీ ఉండదు, మరుసటిరోజుకి తేటపడుతుంది,
మీ పాపకి మాత్రం ఇన్‌ఫెక్షను, అనింది.
కల్చరుకి పంపుతాము, మందు మధ్యలో మానొద్దు.
తరవాత కుర్చీ జరుపుకుని
నన్ను కాదు, దాన్ని అడిగింది.
బడిలో ఎన్నిసార్లు పోతావు కన్నా?

పోను.

పొద్దున్నించీ?

ఇంటికొచ్చినాకే.
గొళ్ళెం లేదు కదా.
ముందు శ్రీనిధి తలుపు పట్టుకునేది.
శ్రీనిధి టీసీ తీసుకుని పలమనేరు వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు
రోజూ నిండుగా తిరిగొచ్చే నీళ్ళ సీసా.
ఎంత బుద్ధిమంతురాలో, ఒలకబోసుకోదు అనుకునేవాణ్ణి.
వెలుగులో పెట్టి చూడనిది అదొక్కటే.

శనివారం డ్యూటీ మార్చుకున్నాను.
చర్చి వీధిలో ఇనుప సామాన్ల అంగడి,
గొళ్ళెం నలభై ఐదు, స్క్రూలు ఊరికే ఇచ్చినాడు.
బడి వెనక రెండు గదులు, ఒకదానికి తాళం,
దాంట్లో ఎన్నికలప్పటి బల్లలంట.
రెండోదాని తలుపు అడుగున చీకి ఉంది,
స్క్రూ పట్టే చెక్క వెతకడానికే గంట పట్టింది.
చార్విక పక్కన నిలబడి
చెయ్యి ఎత్తి, చాలదని మడమలు ఎత్తి,
ఇక్కడ నాయినా, అనింది.

హెడ్మాస్టరు వచ్చి చూసినాడు.
మరీ కిందికి పెట్టినావే,
ఐదో తరగతి పిల్లలు వంగాల్సొస్తుంది.

వంగనీ సార్, అన్నాను
పెన్సిలు గుర్తు మీద చెయ్యి తియ్యకుండానే.