ఒంటి చేతి చొక్కా

పల్లావరం శుక్రవారం సంతలో
మిక్సీ జార్లకీ తీగలు తెగిన వీణకీ మధ్య దొరికింది కెమెరా.
తొమ్మిది వందలన్నాడు, ఆరు వందలకిచ్చాడు.
లోపల రీలుందని వాడికి తెలియదు,
నాకూ ఇంటికొచ్చాకే తెలిసింది.
ముల్లు ఇరవై రెండు దగ్గర ఆగి ఉంది.

మిగిలిన పద్నాలుగూ నేను కొట్టాను:
మా అంబత్తూరు కంపెనీ గేటు,
గేటు మీద కాకి,
కాకి ఎగిరిపోయాక గేటు.

కడిగిస్తే
ఆ ముందు మనిషి బొమ్మలు ఇరవై ఒకటి
పాలు విరిగినట్టు విరిగిపోయాయి.
ఒక్కటి నిలిచింది.
కుట్టుమిషను. తలుపు మీద తెలుగులో
ముందూ వెనకా చెరిగిపోయిన "రత్నం టైల".
గడప మీద ఓ పిల్లాడు
ఒక చెయ్యే ఉన్న చొక్కా తొడుక్కుని
రెండో చెయ్యి కోసం కూర్చున్నాడు.

అప్పట్నుంచీ నా ఆదివారాలు వాడివి.

ఐదుంపావు లోకల్.
బేసిన్ బ్రిడ్జి దగ్గర ఎవరి మీదో అలిగినట్టు ఆగుతుంది బండి.
సుగుణ సంచీ ఇచ్చి పంపుతుంది,
"ఎలాగూ తిరుగుతావుగా, కొత్తిమీర తే."

కాశిమేడులో ఐసు కొట్టేవాడు
సమ్మెట ఎత్తి అలాగే నిలబడ్డాడు నా కోసం.
"సీక్రం సార్, కరిగిపోతోంది."
ఐసా, వెలుతురా, అడగలేదు.
పాత వాషర్‌మన్‌పేటలో
తాళ్ళ మీద ఆసుపత్రి దుప్పట్లు,
వాటి వెనక నడిచే మనుషులకి కాళ్ళే ఉంటాయి.
మింటు వీధిలో ఒక ఆవు బుద్ధిగా ఫోజిచ్చి
కూలి కింద కొత్తిమీర తినేసింది.

ప్రతి పాత గడప దగ్గరా బొమ్మ తీసి చూపిస్తాను.
"ఇది కొండితోపే" అంటారు వేరే పేటల వాళ్ళు.
"ఇక్కడ కాదు" అంటారు కొండితోపు వాళ్ళు.
ఒకాయన కళ్ళజోడు మార్చి మరీ చూసి
మిషను ఏ కంపెనీదో చెప్పాడు,
ఏ వీధో చెప్పలేకపోయాడు.

పదిహేడో ఆదివారం.
రాయపురం వెనక సందు. ఎండ నడినెత్తికొచ్చింది,
తెలివైనవాళ్ళు లెన్సుకి మూత పెట్టేసే వేళ.
ఇడ్లీ తట్టలు దించుతున్న ముసలావిడ
చెయ్యి చీరకి తుడుచుకుని అందుకుంది.
చాలాసేపు చూసింది.
"వాడు కాదబ్బా, అది. మా యక్క.
చొక్కాయి కావాలని రెండు దినాలు కూడు తిన్లా.
నాయన కుడతా ఉంటే
అమ్మ వచ్చి కత్తెర పెరుక్కునింది."

ఆ రెండో చెయ్యి?
"ఎన్నిడ్లీ నీకు?" అంది.

నాలుగు తిన్నాను.
అక్క ఎక్కడుందని అడగబోయి చట్నీ అడిగాను.
ఉన్నట్టుండి ఆవిడే అంది,
"మా ఇంట్లో కెమెరా ఎక్కడిది? ఎవురు తీసినారిది?"
ఇరవై రెండు సార్లు నొక్కి ఆగిపోయిన ఆ వేలు
ఎవరిదో నాకూ తెలియదు.

బొమ్మ తిరిగివ్వలేదు.
డబ్బుల డబ్బాలో, పది రూపాయల నోట్ల అడుగున పెట్టింది.
మీదొకటి తీస్తానంటే
కొంగు సర్దుకుని, ఏమనుకుందో, కుండ మూతెత్తింది.
అంతా ఆవిరి.
నా వేలు అప్పటికే నొక్కేసింది.

ఇంటికొచ్చాక సుగుణ సంచీ బోర్లించి చూసింది.
"దొరికాడా మీ పిల్లాడు?"
"పిల్లాడు కాదు, పిల్ల."
"ఆ కూర్చున్న తీరు చూసి నేనెప్పుడో అనుకున్నా."
"చెప్పొచ్చుగా!"
"ఊరంతా అడిగావు," అంది ఖాళీ సంచీ మడత పెడుతూ,
"నన్నడిగావా?"