పదకొండు కుర్చీలు

పటం గీసింది నేనే.
తొమ్మిది బెంచీలు, పచ్చ రంగువి,
అన్నీ సముద్రం వైపే.
గీసేశాక పెద్దవాళ్ళని పిలిచాం:
కాఫీ, దాల్చినచెక్క రొట్టెలు,
‘మీ సలహాలు మాకు అమూల్యం’ అని ఒక కాగితం.

ఎనభై నాలుగేళ్ళ లెంపి కళ్ళజోడు మార్చుకుంది.
లెంపి అంటే మా ఫిన్నిష్‌లో ప్రేమ,
ఆ పూట ఆ ఛాయలేవీ లేవు.
మందుల షాపు మీద వేలు పెట్టి
“ఇక్కణ్ణించి గ్రంథాలయం ఎంత దూరం?”
“నాలుగు వందల మీటర్లు.”
“మీటర్లు కాదు బాబూ, ఎన్ని మజిలీలు?”

మర్నాడు మైనస్ పద్దెనిమిది.
ముందు ఆమె చక్రాల నడకబండి, వెనక నేను.
మంచు తోసే లారీ రోడ్డుని అద్దంలా ఒలిచి
ఒలిచిందంతా కాలిబాట మీద పోసి పోయింది.
కార్లకి రాచబాట. కాళ్ళకి గుట్ట.
సిగ్నల్లో పచ్చ మనిషి పధ్నాలుగు సెకన్లు నడిచాడు,
మేం నడిరోడ్డు చేరేసరికి
ఎర్రగా నిలబడిపోయాడు.
చాలా మర్యాద గల ఊరు మాది,
ఎవ్వరూ హారన్ కొట్టలేదు.

ఎత్తు సగం ఎక్కాక ఆమె కరెంటు స్తంభాన్ని వాటేసుకుంది.
“ఇదీ మొదటి మజిలీ, రాసుకో.”
పెన్నులో సిరా గడ్డకట్టింది.
గోటితో గీత పెట్టాను.

మా పెద్దాయన గోటి గీతలు చూసి
వచ్చే బడ్జెట్‌లో చూద్దాం అన్నాడు.

లెంపి వంటింట్లో ఆ రాత్రి ఏం జరిగిందో
తర్వాత తెలిసింది, ముక్కలు ముక్కలుగా.
ముప్పై ఏళ్ళు మంచులారీ నడిపిన వేయ్‌కో
ఏ మలుపులో మంచు కింద నీళ్ళు నిలుస్తాయో చెప్పాడట.
వీపు ఆనాలని ఒకరు, వద్దని ఒకరు, పోట్లాట.
అవునె ఒక్కమాటే అందట:
“చేతులు లేని కుర్చీ కూర్చోబెడుతుంది, లేపదు.”
ఇర్యా మాత్రం
“నాకు కుర్చీ కాదు, మరుగుదొడ్డి కావాలి.
సిగ్గుపడి ఎవరూ అడగరు,
బయటికెళ్ళే రోజు నీళ్ళు తాగడం మానేస్తారు, అంతే.”

తెల్లారేసరికి ఊళ్ళో పదకొండు వంటింటి కుర్చీలు.
ఎక్కడెక్కడ ఊపిరి నిలిచిపోతుందో అక్కడ.
ఒకదానికి నీలం రంగు, ఒకదానికి అల్లిక దిండు,
ఒకదాని కాలికి తీగ చుట్టిన కట్టు.
ఎనిమిదింటి మీద మంచు పేరుకుంది.
మూడింటి మీద లేదు.
ఉత్తరాలు పంచేవాడు కూర్చున్నాడట కాసేపు,
నిండు నెలల అమ్మాయి ఒకత్తె కూడా.

‘దారికి అడ్డం, తీసేయండి’ అని ఫోను.
వ్యాను తీసుకుని నేనే వెళ్ళాను.
స్తంభం పక్క కుర్చీలో లెంపి,
ఒళ్ళో ఫ్లాస్కు.
“బతుకులో మొదటిసారి కుర్చీ దక్కింది,
దింపుతావా?”

వ్యాను ఖాళీగానే తిరిగొచ్చింది.

మార్చికి పచ్చ మనిషికి ఆరు సెకన్లు ఎక్కువ దొరికాయి.
బెంచీలు నాలుగు, చేతులున్నవి.
అందులో ఒకటి నలభై అడుగులు కిందికి పడింది,
తప్పు నాదే,
కనపడ్డప్పుడల్లా వేయ్‌కో గుర్తుచేస్తాడు.

ఈసారి గీయకముందే పిలిచాం.
బల్ల మీద తెల్ల కాగితం,
పెన్సిలు చెక్కుతోంది లెంపి, నిదానంగా.
కోటు విప్పుకుంటూ ఇర్యా అడిగింది,
“ఈ ఆఫీసులో మరుగుదొడ్డి ఎక్కడ?”

పై అంతస్తులో.
అందరం మెట్ల వంక చూశాం.