పచ్చ పిల్ల

బొమ్మనహళ్లి పీజీలో
కిటికీ పక్క మంచం సుంకులమ్మది.
ఆదోని పిల్ల. గార్మెంట్స్‌లో దినమంతా కాలర్లు కుట్టొచ్చి
వాచిన కాళ్లు బకెట్లో పెట్టుకుని
జపాను ఆడపిల్లల పాటలు పెట్టేది.

పదకొండు మంది. ఒకే గౌను, ఒకే నవ్వు.
నాకందరూ ఒక్కలాగే ఉండేవాళ్లు.
"కండ్లు పెట్టి చూడుక్కా!
ఒక్కోదానికి ఒక్కో రంగు.
నాది ఆకుపచ్చ. వెనక వరస, ఎడమ కొస."

"అనాథా అనాథా అని ఏమిటే ఆ ఏడుపు?" అన్నాను.
నీళ్లు ఒలికేలా నవ్వింది.
"అనాథ కాదుక్కా, అనత.
అంటే, నువ్వు."

కరెంటు పోయిన రాత్రి
కటింగ్ టేబుల్ కింద ఏరుకొచ్చిన పచ్చ పేలిక
టార్చికి చుట్టి డాబా మీద ఊపింది.
వీధిలో నీళ్ల ట్యాంకరతను బ్రేకేసి
"ఏనాయ్తమ్మా?" అని అరిచాడు.

మాఘంలో ఆ పచ్చ పిల్ల గుంపు విడిచింది.
పట్టా పుచ్చుకోవడం అంటారట దాన్ని.
ఆమె పాడే రెండు లైన్లు
పక్కపిల్లకిచ్చేశారు.
సుంకులమ్మ అన్నం ముట్టలేదు.
నేనేమో, చోద్యం కాకపోతే, అన్నాను.

తర్వాత కంపెనీ ఆ లైనంతా తుమకూరుకి ఎత్తేసింది.
బస్సు తెల్లారి నాలుగింటికి.
నేను నిద్రలో "ఊఁ" అన్నానట.

మంచం మీదిప్పుడు ఎవరో రాయచూరు పిల్ల.
బకెట్ అదే.
పాట నాకు రాదు. ఒక్క మాట తప్ప.
టిఫిన్ బాక్సు తోముతూ ఆ మాట దగ్గరికొచ్చి
కొళాయి కట్టేస్తాను.